నువ్వులు పడని పిల్లవాడితో సంక్రాంతికి వెళ్ళాలా?

హైదరాబాద్ నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు వేయవద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు ఇద్దరు పిల్లలు. బాబుకు 6 ఏళ్ళు, పాపకు ఈ మధ్యే 2 నిండాయి. నాలుగో ఏట పల్లీ చిక్కీ ముక్క తిన్న కాసేపటికే బాబుకు పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. అలర్జీ డాక్టరు దగ్గర చర్మ పరీక్ష చేయిస్తే వేరుశెనగతోపాటు నువ్వులు కూడా పడవని తేలింది. చలికాలంలో వాడికి ఆయాసం వస్తుంది, ఇన్‌హేలర్ వాడుతున్నారు. హైదరాబాద్‌లో సొంత వంటిల్లు కనుక రోజులు బాగానే గడుస్తున్నాయి. ఇబ్బందంతా సంక్రాంతికే. అత్తగారిది కోనసీమలో ఒక పల్లెటూరు. పండగకు ఆ ఇంట్లో పాతికమంది చేరతారు. వారం ముందు నుంచే పొయ్యి మీది మూకుడు దిగదు.

పోయిన ఏడు భోగి సాయంత్రం చిన్నత్తగారు బాబు చేతిలో కజ్జికాయ పెట్టారు. "పల్లీలు వేయలేదమ్మా, కొబ్బరే" అన్నారు. నిజంగానే పల్లీలు వేయలేదు. కొబ్బరిలో వేయించిన నువ్వుల పొడి కలిపారు. పది నిమిషాల్లో దగ్గు, వాంతి, మెడ మీద దద్దుర్లు. ఈమె సిట్రిజిన్ సిరప్ పట్టారు. ఎవరో దిష్టి తగిలిందన్నారు, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. అరగంట గడిచేసరికి పిల్లవాడి గొంతు బొంగురుపోయింది. భుజాన వేసుకుని కారు దగ్గరకు పరుగెత్తారు. కోడిపందేల జనంతో దారంతా కిక్కిరిసి ఉంది. పట్టణం 20 కిలోమీటర్లే అయినా గంటకు పైగా పట్టింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక తేరుకున్నాడు.

ఆ రాత్రి అందరి ముందూ ఈమె అత్తగారిని "మీకు వాడి ప్రాణం కంటే మీ పిండివంటలే ఎక్కువా" అని అడిగారు. అప్పటి నుంచి ఆవిడ ముభావంగా ఉన్నారు. "మా కాలంలో ఈ రోగాలెక్కడివి? కొంచెం కొంచెం పెడుతూ ఉంటే అదే అలవాటవుతుంది" అని బంధువులతో అంటున్నారట. ఈ ఏడు మామగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లోనే ఉన్నారు. మనవలందరినీ భోగి మంట దగ్గర చూడాలనీ, పాపకు భోగిపళ్ళు ఆ ఇంట్లోనే పోయాలనీ ఆయన కోరిక. "నువ్వు కాస్త జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది కదా" అంటారు భర్త. వెళ్ళాలా, మానాలా అన్నది ఆమె ప్రశ్న. చివరి పేజీలో ఇలా రాశారు: "నిన్న మా బాబు అడిగాడు. అమ్మా, అందరికీ అరిసె పెడతారు, నాకు మాత్రం పెట్టరు, నేనేమైనా తప్పు చేశానా అని."

అమ్మా,

ముప్ఫై ఏళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేశాను. ఇప్పుడు అమ్మమ్మను. మా అమ్మాయి కొడుకుకు కూడా నువ్వులు పడవు. అందుకే మీ భయమూ నాకు తెలుసు, మీ అత్తగారి రోషమూ తెలుసు. ఉత్తరం రెండుసార్లు చదివాను. వెళ్ళాలా మానాలా అన్న ప్రశ్నకు ముందు, పోయిన ఏడు ఏం జరిగిందో మీకు స్పష్టంగా తెలియాలి. అది తెలియకుండా ఏ నిర్ణయం తీసుకున్నా భయం వల్లనో మొహమాటం వల్లనో తీసుకున్నదే అవుతుంది.

పోయిన ఏడు మీ బాబుకు వచ్చినదాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. ఒక్క దద్దుర్లే అయితే కంగారు లేదు. చర్మం మీద దద్దుర్లు, కడుపులో వాంతి, ఊపిరిలో దగ్గు, ఇలా ఒంట్లో రెండు మూడు చోట్ల ఒకేసారి తిరగబడితే అది ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్. గొంతు బొంగురుపోయిందంటే లోపల వాపు మొదలైందన్నమాట. దానికి మొట్టమొదట ఇవ్వవలసిన మందు ఒక్కటే, అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు, మధ్య భాగంలో, కండలోకి ఇవ్వాలి. అది వాపును దించుతుంది, ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, పడిపోయే రక్తపోటును నిలబెడుతుంది. సిట్రిజిన్ దురదను, దద్దుర్లను తగ్గించగలదు. గొంతు మూసుకుపోవడాన్ని ఆపలేదు. పైగా దద్దుర్లు కాస్త తగ్గగానే తేరుకుంటున్నాడని మనం మోసపోతాం. మీరు సిరప్ పట్టి ఎదురుచూసిన ఆ అరగంటే అన్నిటికంటే విలువైన సమయం. మిమ్మల్ని నిందించడానికి చెప్పడం లేదు. మీ చేతిలో ఆ రోజు అడ్రినలిన్ లేదు, ఉంచుకోవాలని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. పిల్లవాడికి ఏది పడదో తేలిన రోజే అది చెప్పి ఉండవలసింది.

ఇంకొకటి. భుజాన వేసుకుని పరుగెత్తారని రాశారు. ఏ తల్లి అయినా అదే చేస్తుంది. కానీ ఆ స్థితిలో పిల్లవాడిని నిటారుగా ఎత్తుకోకూడదు, నడిపించకూడదు. రక్తం కాళ్ళలోకి దిగిపోయి గుండెకు చేరవలసినంత చేరదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. ఊపిరి అందక ఆయాసపడుతుంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టాలి.

ఇక మీ అత్తగారి మాట. "కొంచెం కొంచెం పెడితే అలవాటవుతుంది" అన్నది పూర్తిగా మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. అందులో సగం నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. 2015లో బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు 4 నుంచి 11 నెలల మధ్య వేరుశెనగను తిండిలో మొదలుపెట్టి కొనసాగిస్తే, ఐదేళ్ళకు ఆ అలర్జీ చాలా మందిలో రాకుండా ఆగింది. మన ఇళ్ళలో పిల్లలు ముందు నుంచీ పల్లీ పచ్చడి తినే పెరిగారు కదా, ఆవిడ చూసినది అదే. అయితే అది అలర్జీ రాకముందు సంగతి. వచ్చిన తరవాత మోతాదు పెంచుకుంటూ అలవాటు చేసే వైద్యం కూడా ఉంది. అది మిల్లీగ్రాముల లెక్కతో, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, డాక్టరు కళ్ళ ముందు మొదలయ్యేది. వంటింట్లో చిటికెడు నువ్వుల పొడి చాటుగా అన్నంలో కలిపి చేసేది కాదు. ఈ తేడా మీ అత్తగారికి ఎవరూ చెప్పలేదు. కోడలు కోపంగా చెబితే వినరు. కొడుకు నెమ్మదిగా చెబితే వినవచ్చు.

ఆ మాట రావడం మంచిదైంది, పాప సంగతి కూడా చెప్పాలి. అన్నకు పడదని చెల్లికీ మానిపించే ఇళ్ళు చాలా చూశాను. పాప ఇప్పటికే పల్లీలో నువ్వులో తింటూ ఉంటే ఆపకండి. ఇంతవరకు పెట్టకపోతే సొంతంగా మొదలుపెట్టకుండా మీ డాక్టరును అడగండి. పెట్టినా ఆ వయసుకు మెత్తటి పొడిగానో పేస్టుగానో పెట్టాలి. పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. భోగిపళ్ళలో పోసే నానిన శనగలు, రేగుపళ్ళ గింజలు, చిల్లర నాణేలు కూడా రెండేళ్ళ పిల్ల నోట్లో పెట్టుకోకుండా ఒకరు పక్కనే ఉండాలి.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. సంక్రాంతి అంటే నువ్వుల పండగ. అరిసెల మీద నువ్వులు, జంతికల్లో నువ్వులు, కజ్జికాయల్లో నువ్వులు, తెలంగాణ వైపు సకినాల్లో నువ్వులు. పులిహోరలో పల్లీలు, గుత్తివంకాయలో రెండూ. ఆవకాయలో నువ్వుల నూనె. పెద్దలకు తర్పణం వదిలే నీళ్ళలో నువ్వులు. ఆఖరికి భోగినాడు పిల్లల తలకు, ఒంటికి పట్టించేది కూడా నువ్వుల నూనే. నువ్వులు పడక, చర్మం పొడిబారి గోకుడు ఉన్న పిల్లలకు ఆ నూనెతోనే దద్దుర్లు లేవవచ్చు. మీ బాబుకు కొబ్బరినూనె పట్టించండి, అది కూడా ఊరి గానుగది కాకుండా డబ్బాలో అమ్మేది. ఒకే గానుగలో పొద్దున్న నువ్వులు, మధ్యాహ్నం వేరుశెనగ, సాయంత్రం కొబ్బరి ఆడతారు. గానుగ నూనెలో గింజ తాలూకు మాంసకృత్తులు మిగిలి ఉంటాయి, అలర్జీ తెచ్చేవి అవే. వేయించినా ఉడికించినా అవి పోవు. వేరుశెనగ విషయంలో వేయిస్తే ఇంకా బలపడతాయి.

మా అమ్మాయి కొడుకుకు నువ్వులు పడవని తేలిన ఏడు, వాడి కోసం నువ్వులు లేని అరిసెలు నేనే వండాను. నూనె కొత్తది పోశాను. మూకుడు తోమించాను. అరిసెల చెక్కలు మా అత్తగారి కాలం నాటివి, వేడినీళ్ళలో నానబెట్టి కడిగించాను. వండబోతూ ఎందుకో అనుమానం వచ్చి, ఒక చెక్కను వెలుతురుకు పట్టుకుని గాడిలో పిన్నీసు పెట్టి లాగాను. నూనె పీల్చి నల్లబడిన నువ్వుగింజలు మూడు రాలాయి. రెండో చెక్కలో ఇంకో రెండు. కడిగిన చెక్క అది! వైద్యం చదివిన దాన్ని, నా మనవడి కోసం వండుతున్నదాన్ని, నా కంటికే ముందు ఆనలేదు. ఆ ఐదు గింజలను తడి కాగితం మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చిన్నత్తగారు "కొబ్బరే" అన్నప్పుడు అబద్ధమాడలేదు. నలభై ఏళ్ళుగా కజ్జికాయ చేస్తున్న చేయి, నువ్వుల పొడిని ఉప్పులాగా లెక్కలో లేకుండా వేసేస్తుంది.

మాటలతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. మీ ఊళ్ళో వేరుశెనగ గుళ్ళంటారు, హైదరాబాద్‌లో పల్లీలంటారు, రాయలసీమ నుంచి వచ్చిన కోడలు శెనక్కాయలనో బుడ్డలనో అంటుంది. "వాడికి శెనగ పడదు" అని మీరు ఫోనులో చెబితే, విన్నవారు పచ్చిశెనగపప్పు అనుకుని బొబ్బట్లు దాచేసి, పులిహోర పెడతారు. అందుకే మాటతో చెప్పకండి. గుప్పెడు వేరుశెనగ గుళ్ళు, గుప్పెడు నువ్వులు రెండు గిన్నెల్లో పోసి వండేవాళ్ళందరికీ చూపించండి. ఈ రెండూ, వీటి పొడీ, వీటి నూనే, వీటిని కలిపిన గరిటే అని చెప్పండి. కందిపప్పు, మినపప్పు, శెనగపప్పు వాడు రోజూ తింటున్నవే కనుక అవి మానవలసిన పని లేదు. అరిసె మీద నువ్వులకు బదులు గసగసాలు అద్దుదామని ఎవరైనా అంటే మాత్రం, డాక్టరును అడగకుండా ఒప్పుకోకండి. నువ్వులు పడని కొందరికి గసగసాలూ పడవు.

కొన్న మిఠాయిలతో తప్పించుకోవచ్చని అనుకోకండి. విడిగా తూచి ఇచ్చే మిఠాయికి లేబులే ఉండదు, అన్నిటికీ ఒకే చేయి. ప్యాకెట్ల మీద, మన దేశపు 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం వేరుశెనగ ఉంటే అలర్జీ హెచ్చరికలో విడిగా రాయాలి. ఆ జాబితాలో నువ్వులను చేర్చలేదు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను కూడా తప్పనిసరి చేశారు. కనుక ఇక్కడ మీరు ఆ హెచ్చరిక ఒక్కటే చూసి ఊరుకోకూడదు, పదార్థాల పట్టిక మొదటి నుంచి చివరిదాకా చదవాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మానేయడం ఒకటి. ఈ ఏడు వెళ్ళకపోతే ఆకాశం కూలదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు చాటుగా పెట్టి చూస్తారన్న అనుమానం మీకు ఏ కాస్త ఉన్నా, వెళ్ళకండి. అందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మామగారు నొచ్చుకుంటారు. నొప్పి తగ్గాక ఆయన హైదరాబాద్ రావచ్చు, పాపకు భోగిపళ్ళు మూడో ఏట కూడా పోయవచ్చు. కాకపోతే వట్టి కోపంతో మానేస్తే వచ్చే ఏటికి ఇదే ఉత్తరం మళ్ళీ రాయవలసి వస్తుంది. అప్పటికి మీ బాబు ఒక ఏడు పెద్దవాడై, పండగ అంటే తనను బయట ఉంచేది అని అనుకోవడం మొదలుపెడతాడు.

రెండోది, వాడి తిండి అంతా హైదరాబాద్ నుంచే పట్టుకెళ్ళి, అక్కడి వంట ముట్టనివ్వకపోవడం. చిన్న కుక్కరు, ఒక మిక్సీ జారు, రెండు డబ్బాల పిండివంటలు. మూడు రోజులకు ఇది సులువే, అనుమానాలకు తావు తక్కువ. కానీ పాతికమంది ఇంట్లో మీరు ఒక్కరే కాపలా కాయాలి. మీరు స్నానానికి వెళ్తారు, కునుకు తీస్తారు, పాపకు అన్నం పెడతారు. "నువ్వు జాగ్రత్తగా ఉంటే చాలు" అన్న మీ వారి మాటలోని లోపం అదే. ఒక్క మనిషి జాగ్రత్త మీద పిల్లవాడి ప్రాణం నిలబెట్టకూడదు.

మూడోది, భోగికి వెళ్ళి రాత్రికి పట్టణంలో, ఆస్పత్రికి దగ్గరగా దిగడం. మామగారి కోరిక తీరుతుంది. ఆస్పత్రి దూరమన్న భయం సగానికి తగ్గుతుంది. అత్తగారికి మాత్రం ఇల్లుండగా లాడ్జిలో దిగడం తలవంపులనిపిస్తుంది. ఆ మాట మీ వారే ముందుగా చెప్పి, ఊళ్ళో తల ఎత్తుకునే కారణం ఒకటి ఆవిడకు అందించాలి.

నాలుగోది నాకు నచ్చినది, అన్నిటికంటే కష్టమైనది కూడా. వంట మానిపించకుండా వంట వరస మార్చడం. అరిసెలు వండే రోజున మొదటి వాయి మీ బాబుది. కొత్త పొద్దుతిరుగుడు నూనె, కొత్త చెక్కలు, కొత్త చిల్లుల గరిటె. నువ్వుల డబ్బా ఇంకా మూత తీయకముందే వాడి అరిసెలు దిగి, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలోకి చేరాలి. డబ్బా మీద వాడి పేరు. ఆ తరవాత మిగతా ఇంటికి ఎన్ని నువ్వులు అద్దుకున్నా పరవాలేదు. సున్నుండలకు మినపప్పు వేయించి మీ జారులోనే పట్టండి, ఊరి పిండిమరకు పంపవద్దు. గారెలు, బొబ్బట్లు, పొంగలి కూడా ఇదే వరసలో. ఇందులో ఎవరి పండగా తగ్గదు. కానీ ఇది జరగాలంటే మీ అత్తగారు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి, మొక్కుబడిగా ఒప్పుకుంటే చాలదు.

ఒప్పుకున్నారని ఎలా తెలుస్తుంది? ఆవిడ ప్రశ్నలు అడుగుతారు. "మరి నెయ్యి సంగతి? పాలకోవా తినవచ్చా? నా చేతి గాజులకు పిండి అంటుకుంటే?" అని అడిగారంటే ఆవిడ మీ వైపు వచ్చేశారు. "సరేలే, నీ ఇష్టం" అని ఊరుకుంటే రాలేదు. అప్పుడు రెండో దారికో మూడో దారికో మళ్ళండి, పిల్లవాడిని ఆవిడ దగ్గర ఒంటరిగా వదలకండి.

ఈ సంగతి మాట్లాడవలసింది మీరు కాదు, మీ వారు. ఫోనులో కాకుండా, పండగకు రెండు వారాల ముందు ఒక్కరే వెళ్ళి తల్లి దగ్గర కూర్చుని చెప్పాలి. "అమ్మా, పోయిన ఏడు ఎవరి తప్పూ లేదు. మాకే సరిగ్గా తెలియదు, మందు కూడా తెచ్చుకోలేదు. ఈసారి వాడి డబ్బా నీ దగ్గరే ఉండాలి. నువ్వు పెట్టినదే వాడు తినాలి. ఊళ్ళో ఎవరు ఏం పెట్టబోయినా నువ్వే అడ్డుపడాలి." వండి పెట్టడమే తన గౌరవం అనుకునే మనిషిని వంట దగ్గర నుంచి తప్పిస్తే శత్రువు అవుతుంది. తాళాలు ఆవిడ చేతికే ఇస్తే, చిన్నత్తగారినీ పేరంటాళ్ళనూ ఆపడం మీకంటే ఆవిడకే బాగా చేతనవుతుంది. అరిసెల చెక్కలోని గింజల సంగతి నా మాటగా చెప్పమనండి. కావాలంటే తన చెక్కల్లో పిన్నీసు పెట్టి చూసుకోమనండి.

మీరు చేయవలసింది ఒకటుంది. ఆ రాత్రి అన్న మాటను వెనక్కి తీసుకోండి. భయంలో వచ్చిన మాట అది, ఆవిడకూ తెలుసు. అయినా అందరి ముందు అన్నది కనుక, కనీసం మామగారి ముందైనా "తప్పుగా మాట్లాడాను అత్తయ్యా" అనండి. పిల్లవాడి జాగ్రత్తలో ఒక్క మెట్టు కూడా దిగకుండానే ఆ మాట అనవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా మందు సంగతిలో మాత్రం మినహాయింపు లేదు. బటను నొక్కితే ఇంజెక్షన్ అయిపోయే పెన్నుల్లాంటి పరికరాలు విదేశాల్లో ఉన్నట్టు మన మందుల షాపుల్లో మామూలుగా దొరకవు, తెప్పించుకుంటే ఖరీదు ఎక్కువ. అడ్రినలిన్ ఆంప్యూల్, అంటే మందు నింపిన చిన్న గాజు సీసా, మాత్రం చవకే. ఈ వారమే మీ అలర్జీ డాక్టరు దగ్గరకు వెళ్ళి, దాన్ని ఇంట్లో ఎలా ఉంచుకోవాలో, సిరంజిలోకి ఎలా తీయాలో నేర్పమనండి. మోతాదు కిలోకు 0.01 మిల్లీగ్రాము. మీ బాబు 18 కిలోలని రాశారు కనుక 1 మిల్లీగ్రాము ఉన్న 1 మిల్లీలీటరు ఆంప్యూల్‌లో ఐదో వంతు కంటే కాస్త తక్కువే పడుతుంది. కంగారులో ఆంప్యూల్ అంతా ఎక్కించే ప్రమాదం ఉంది. అందుకే సిరంజి మీద ఎక్కడిదాకా లాగాలో డాక్టరు చేతనే గీత పెట్టించుకోండి, అంకెను కాగితం మీద రాయించుకోండి. మీరూ మీ వారూ ఇద్దరూ నేర్చుకోవాలి. సిరంజిలో నీళ్ళు తీసి బత్తాయి పండుకు పొడిచి పది సార్లు అలవాటు చేసుకోండి. చేయి వణకడం ఐదోసారికి తగ్గుతుంది.

రెండు మోతాదులు దగ్గర ఉండాలి. మొదటిది ఇచ్చిన 5 నుంచి 15 నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది ఇవ్వాలి. ఎండ తగలకుండా, కారులో వదిలేయకుండా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించకుండా వాడు ఎక్కడుంటే అక్కడికి ఆ సంచీ వెళ్ళాలి. ఇంజెక్షన్ ఇచ్చాక గుండె దడ, చేతుల వణుకు వస్తాయి, కాసేపటికి పోతాయి. వెంటనే 108కు ఫోను చేయండి. తేరుకున్నా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి, ఎందుకంటే కొన్ని గంటల తరవాత రియాక్షన్ మళ్ళీ తిరగబెట్టవచ్చు. ఆ దారి కోడిపందేల రద్దీదని మీకు తెలుసు. వెళ్ళిన రోజే మామగారితో కూర్చుని బరులు ఎక్కడ పడతాయో, ఏ గట్టు మీదుగా వెళ్తే రద్దీ ఉండదో తెలుసుకోండి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పండగ మూడు రోజులూ తెరిచి ఉంటుందా అన్నది కూడా. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, పెద్దవాళ్ళ మనసుకు అదొక ఊరట. ఇంజెక్షన్ తరవాత.

మీ బాబుకు ఆయాసం ఉందన్నారు. ఆయాసం అదుపులో లేని పిల్లల్లో రియాక్షన్ తీవ్రంగా రావచ్చు. పండగకు ముందు నుంచీ డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఒక్క రోజు కూడా తప్పకూడదు. భోగి మంటలో ఈ రోజుల్లో టైర్లు, రంగు వేసిన తలుపులు కూడా పడేస్తున్నారు. తాతయ్య పక్కన కుర్చీ వేసుకుని పొగ రాని వైపు, దూరంగా కూర్చోనివ్వండి. పిడకల దండ వాడి బదులు ఇంకొకరు వేయవచ్చు.

అతిగా భయపడనక్కరలేనివీ కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేయండి. పక్కన కూర్చుని ఎవరో పల్లీలు తింటే, ఆ వాసనకే పిల్లవాడు పడిపోడు. అసలు ప్రమాదం నోట్లోకి వెళ్ళడంలోనే. నువ్వులు వేయించి దంచే చోట పొడి లేస్తుంది కనుక అక్కడికి వెళ్ళకపోతే చాలు. పిల్లలందరూ తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శానిటైజర్ రాస్తే క్రిములు చస్తాయేమో గానీ పల్లీల జిడ్డు పోదు. అంతే, వాడిని గాలిపటాలకూ గొబ్బెమ్మల దగ్గరకూ హరిదాసు వెంటా పోనివ్వండి.

ఇక వాడు అడిగిన ప్రశ్న. ఆరేళ్ళ పిల్లవాడికి నిజం చెప్పవచ్చు. "నువ్వు ఏ తప్పూ చేయలేదు నాన్నా. నీ ఒళ్ళు నువ్వుగింజను చూసి దొంగ అనుకుని గట్టిగా కొట్లాడుతుంది. ఆ కొట్లాటలో నీకే దెబ్బ తగులుతుంది" అనండి. ఒక్క వాక్యం బట్టీ పట్టించండి: "నానమ్మను అడిగి తింటాను." వద్దు అని పెద్దవాళ్ళ ముఖం మీద చెప్పడం పిల్లలకు కష్టం, ఈ వాక్యం చెప్పడం సులువు. ఒంట్లో బాగా లేనప్పుడు పిల్లలు మనలాగా చెప్పరు. "నాలుక గుచ్చుకుంటోంది", "గొంతులో వెంట్రుక ఉంది" అంటారు. ఆ మాటలు వింటే ఆటను ఆపి చూడాలని మీ తోడికోడళ్ళకు, వాడితో ఆడుకునే పెద్ద పిల్లలకు కూడా చెప్పండి. భోగిపళ్ళ పేరంటంలో వచ్చినవాళ్ళు చేతికి ఇచ్చేవన్నీ ఒక బుట్టలో వేయించి, తరవాత చూసి తీద్దామంటే ఎవరూ నొచ్చుకోరు.

నువ్వులు లేని అరిసెలు హైదరాబాద్‌లోనే ఒకసారి వండి, వాడికి పెట్టి చూపించండి. మొదటి వాయి చుట్టూ తిరుగుతాడు, ఓపిక పట్టండి. వెళ్ళాలా మానాలా అన్నది మీ వారు ఊరు నుంచి తిరిగి వచ్చాక తేల్చుకోవచ్చు, తొందర లేదు. అలర్జీ డాక్టరు దగ్గరకు మాత్రం రేపే ఫోను చేయండి. ఆంప్యూళ్ళు తెచ్చుకున్న రోజున వాటి మీద గడువు తేదీ ఫిబ్రవరి దాటి ఉందో లేదో అక్కడే, షాపులో నిలబడే చూసుకోండి.